రెండు సిగరెట్ల సేపు

మిడిల్ పాయింట్ బజారు నుంచి షాదీపూర్‌లో మా ఇంటికి నడిచి వస్తే రెండు సిగరెట్ల దూరం. కుక్కర్‌లో పప్పు ఉడకడానికి మూడు. వండూర్ క్రీకు, అంటే ఉప్పుటేరు, మూతి దగ్గర పోటు పూర్తిగా ఎక్కి, కాసేపు నిలబడి, వెనక్కి మళ్ళడానికి రెండు. పెద్దవాడినైన దగ్గర నుంచీ కాలాన్ని నేను ఇలాగే కొలిచాను. చేతికి గడియారం ఉండేది. దాన్ని చూడాలని ఎప్పుడూ తోచలేదు.

పోయిన జూన్‌లో సిగరెట్టు మానేశాను. దాంతోపాటు ఇంకేమేం పోయాయో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మానాలనుకునే వాళ్ళకి పనికొస్తుంది, రాయి నాన్నా అని మా అమ్మాయి శిరీష వెంట పడింది. తను తెలుగు బాగా మాట్లాడుతుంది కానీ కూడబలుక్కుని చదువుతుంది. అందుకని నేను రాసింది పైకి చదివి వినిపించాలట. సరేనన్నాను. నా వరకు నేను రాస్తున్నది, జరిగింది కాగితం మీద పెడితే నాకైనా అర్థమవుతుందేమోనని.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. నాన్న శ్రీకాకుళం ఒడ్డు నుంచి వేటకని వచ్చి ఈ దీవుల్లోనే ఉండిపోయిన మనిషి. నేను పుట్టింది ఇక్కడే. పని ఐసు ప్లాంటులో. పడవల వాళ్ళు వచ్చి, "బాబాయి, మూడు రోజుల వేట, నలుగురం, కొత్త ఐసు పెట్టె" అంటారు. ఎన్ని ఐసు దిమ్మలు కావాలో నేను చెప్పాలి. తక్కువ చెబితే చేప పాడవుతుంది. ఎక్కువ చెబితే పడవ బరువెక్కుతుంది, కరిగిన నీళ్ళు తోడిపోసుకోలేక నన్ను తిడతారు. నేను సిగరెట్టు ముట్టించి, రెండు దమ్ములు లాగి, అంకె చెప్పేవాణ్ణి. అది ఎలా వచ్చేదో ఎవరికీ చెప్పలేను. వచ్చేది. దాంతో హిసాబ్ బాబాయి, అంటే లెక్కల బాబాయి, అని పేరు పడింది.

రెండో లెక్క నీళ్ళది. తిథికి రెండు గడియల చొప్పున పోటు ఆలస్యమవుతుందని నాన్న నేర్పాడు. రెండు గడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు. ఇందులో గొప్పేమీ లేదు, ఇప్పుడు ఫోనులోనే వస్తుంది. కానీ ఫోను చెప్పేది జెట్టీ దగ్గర నీళ్ళ సంగతి. క్రీకు మూతి దగ్గర బురద మేట మీద నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయో దానికి తెలియదు. సునామీలో నేల కుంగిపోయాక నాన్న పెట్టుకున్న గుర్తులన్నీ నీళ్ళ కిందికి పోయాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి సెలవు దొరికినప్పుడల్లా మా బావమరిది నూకరాజు ఊరు వండూర్ వెళ్ళి, ఆ మూతి దగ్గర గట్టు మీద కూర్చుని, నీటి మీద ఎండుటాకు ఎటు పోతోందో చూస్తూ, సిగరెట్టు కాలుస్తూ కొత్తగా నేర్చుకున్నాను. అందుకే ఆ లెక్క నిమిషాల్లో లేదు. సిగరెట్లలో ఉంది.

జూన్

వానలు పట్టాయి. దగ్గు నాకు కొత్త కాదు. ఆ నెలలో మాత్రం ఐసు ప్లాంటు మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగిపోయాను. గాలి లోపలికి పోతోంది, బయటికి రావడం లేదు. గోనె సంచిలో కప్పని పెట్టి మూతి కట్టినట్టు ఛాతీలో ఏదో ఎగురుతోంది. కింద ఐసు ఎత్తే వాళ్ళు తల ఎత్తి చూస్తున్నారు. నేను జేబులో ఏదో వెతుక్కుంటున్నట్టు నటించాను.

ఇంటికి వచ్చాక నా ఊపిరి చప్పుడు విని పార్వతి, అంటే నా భార్య, ఆటో పిలిచింది.

పెద్దాసుపత్రిలో బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టారు. గొడుగుల నీళ్ళు నేలంతా కారుతున్నాయి. నా పక్కన రంగత్ ఊరి నుంచి వచ్చిన ఒక బెంగాలీ దీదీ. భర్త లోపల వార్డులో ఉన్నాడట, ముక్కుకి గొట్టం పెట్టారట. నేను రెండు సార్లు లేచి బయటికి వెళ్ళి వచ్చాను. రెండోసారి నా చొక్కా వాసన చూసి ఆమె హిందీలో నెమ్మదిగా, "మా ఆయన కూడా ఇలాగే వెళ్ళి వచ్చేవాడు భయ్యా" అంది. నీతి చెప్పలేదు. కొంగు ముడి విప్పి నాలుగు లవంగాలు నా చేతిలో పోసింది. "ఇది నోట్లో పెట్టుకో. మనసు కాసేపు మోసపోతుంది."

డాక్టరమ్మ మా శిరీష కన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో. ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని, "రోజుకి ఎన్ని అంకుల్? ఎన్నేళ్ళుగా?" అని అడిగింది. నేను చెప్పాను. ఆమె కాగితం మీద గుణిస్తోంది. నా తలలో జవాబు అప్పటికే వచ్చేసింది. ఆ అంకె పైకి అనలేకపోయాను.

"జో గయా సో గయా" అంది ఆమె. పోయింది పోయినట్టే. మిగిలింది కాపాడుకోవాలంటే ఇవాళ్టి నుంచి ఒక్కటి కూడా వద్దు.

"తగ్గించుకుంటూ వస్తాడమ్మా" అని పార్వతి నా తరఫున బేరం పెట్టింది.

"ఆంటీ, బేరం నాతో కాదు" అని డాక్టరమ్మ ఎక్స్‌రే కేసి చూపించింది.

జూలై

మొదట్లో కష్టం అందరూ చెప్పినట్టే ఉంది. చేతులకి పని లేదు. నిద్ర లేదు. టీ తాగితే ఏడుపొచ్చేది. టీకి ఏడవడమేమిటో తెలిసేది కాదు, కానీ గ్లాసు పెదవికి ఆనగానే కళ్ళు నిండేవి. అందుకని టీ కూడా మానేశాను. అప్పుడు తలనొప్పి మొదలైంది. ఏ నొప్పి దేని వల్లో విడదీయడం నా వల్ల కాలేదు.

తర్వాత వాసనలు వచ్చాయి. వీటి గురించి నన్నెవరూ హెచ్చరించలేదు. నేను పుట్టింది చేపల మధ్య, బతికింది చేపల మధ్య. అలాంటిది ఒక రోజు ప్లాంటు గేటు దాటగానే ముక్కు మూసుకున్నాను. ఇక్కడ ఏదో చచ్చింది అన్నాను. ఐసు ఎత్తే వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "చేపలు చచ్చేయి బాబాయి" అన్నాడొకడు. ఆ రోజంతా నవ్వారు.

ఇంట్లో నవ్వులు లేవు. ఒక రాత్రి భోజనం దగ్గర, "పులుసులో ఇంత ఉప్పేమిటి? మనుషులు తినేదేనా?" అన్నాను. మర్నాడూ అదే మాట. మూడోసారి పార్వతి గరిటె గిన్నెలో వదిలేసింది.

"ఇన్నాళ్ళూ సప్పగుంది, సప్పగుంది అని ప్రాణం తీసింది ఎవరు? నీ నాలిక సచ్చిపోయిందని చిటికెడు చిటికెడు పెంచుకుంటూ వచ్చేను. నేనూ పిల్లా నోరు మూసుకుని అదే తిన్నాం. ఇప్పుడు నీ నాలిక లేచొస్తే నా వంట బాగోలేదా?"

శిరీష కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పార్వతి మాట నిజమే. ఆ ఉప్పు నా లెక్కల్లో ఎప్పుడూ లేదు. అయినా నాకు కోపం తగ్గలేదు. ఎవరి మీదో కూడా తెలియని కోపం.

ఇవన్నీ తట్టుకోగలిగినవే. అసలు భయం ప్లాంటులో మొదలైంది. దిమ్మలు ఎన్ని అని ఒకతను అడిగాడు. ఎప్పుడూ అడిగేదే. నోట్లో లవంగం ఉంది. అంకె కోసం ఆగాను. రాలేదు. తలలో, అంకె ఉండే చోట, పొద్దున్నే సముద్రం మీద ఉండే మంచులాంటిది. పది అన్నాను. అతను వెళ్తుంటే పిలిచి పన్నెండు అన్నాను. మళ్ళీ పిలిచి, పదే సరిపోతుంది అన్నాను.

"పక్కా బోలో బాబాయి" అన్నాడతను. నా దగ్గర పక్కా లేదు.

అలా రోజూ జరిగింది. చివరికి ఒక పడవ వాళ్ళకి బాగా తక్కువ చెప్పాను. వాళ్ళ చేప మెత్తబడిపోయింది. మర్నాటి నుంచి అడగడం మానేసి వాళ్ళకి తోచినంత ఎత్తుకుపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు

మా మాలిక్, ప్లాంటు యజమాని, మంచివాడే. నన్ను లోపలికి పిలిచి, తలుపు వేసి, బల్ల సొరుగు లాగాడు. నేను కాల్చే రకం ప్యాకెట్టు, కొత్తది.

"యార్, నేను నిన్ను చావమనడం లేదు" అన్నాడు. "పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. దవాయి లాగా. ఇంటికి తెలియక్కర్లేదు. ప్యాకెట్టు నా దగ్గరే ఉంటుంది. నాకు హిసాబ్ కావాలి."

"కాల్చకుండానే హిసాబ్ తిరిగొస్తుందేమో, కొన్నాళ్ళు ఆగండి."

"ఎన్నాళ్ళు?"

అది కూడా లెక్కే కదా.

ఆయన సొరుగు మూసేశాడు, తాళం వెయ్యలేదు. కొన్నాళ్ళు సెలవు తీసుకో, దసరా వెళ్ళాక చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే అర్థం నాకు తెలుసు. యాభై దాటిన ఎనిమిదో తరగతి వాడికి అంకె రాకపోతే, కౌంటర్ మీద కూర్చోబెట్టి జీతమివ్వడానికి వేరే కారణం లేదు.

ఆ నెల అంతా నా తలలో ఒకటే ప్రశ్న తిరిగింది. ఊపిరి కోసం సిగరెట్టు మానాను. సిగరెట్టుతోపాటు బుర్ర పోయింది. బుర్ర లేని ఊపిరిని ఏం చేసుకోవాలి? ఇంకోలా అడిగితే, ఇన్నేళ్ళూ ఆ లెక్కలు చేసింది నేనా, నా వేళ్ళ మధ్య కాలినదా? నేనే అయితే ఇప్పుడెందుకు చెయ్యలేను? అదే అయితే, నేనేం చేస్తూ వచ్చాను?

పార్వతిని అడిగాను. "నాకేటి తెలుసు? నీకు ఊపిరాడితే సాలు" అంది. శిరీషని అడిగాను. ఫోనులో వెతికి, మానేసిన చాలా మందికి కొన్నాళ్ళు తల మొద్దుబారినట్టు ఉంటుంది, తర్వాత కుదురుకుంటుంది అని చదివింది.

"కొన్నాళ్ళు అంటే?"

"కొన్ని వారాలని ఉంది నాన్నా."

"నాకు వారాలు దాటిపోయాయి."

"అందరికీ ఒకేలా ఉండదనీ ఉంది."

ఇంకేం, ఆ ఫోనుకి కూడా తెలియదన్నమాట.

మానేసి ఎన్ని రోజులైందని కూడా నన్ను అందరూ అడిగేవాళ్ళు. మామూలుగా నేను లెక్కపెట్టుకోవాలి. మొదట్లో పెట్టుకున్నాను కూడా. తర్వాత ఎక్కడో ఒక రోజు తప్పిపోయింది. వెనక్కి వెళ్ళి కలుపుకుంటే రెండు రకాల జవాబులు వచ్చాయి. వదిలేశాను.

సెప్టెంబర్

మళ్ళీ ఆసుపత్రి. అదే బెంచీ. రంగత్ దీదీ కోసం చూశాను. వార్డు దాకా వెళ్ళి అడగొచ్చు. అడగలేదు. ఏం వినాల్సి వస్తుందోనని.

డాక్టరమ్మ పాతదీ కొత్తదీ రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి, గొట్టంలోకి ఊదించి, "వైసా హీ హై. బహుత్ అచ్ఛా" అంది. అలాగే ఉంది, చాలా మంచిది. ఇంత యాతన పడ్డాక ఏమీ మారకపోవడం ఎలా మంచిదో నాకు వెంటనే ఎక్కలేదు. దిగజారకుండా ఆగడమే ఇందులో గెలుపు అని ఓపిగ్గా చెప్పింది. తల సంగతి అడిగితే మాత్రం, "వస్తుంది అంకుల్" అని తర్వాతి మనిషిని పిలిచింది.

ఇంటికి వచ్చాక ఉల్లిపాయలు తరిగే చప్పుడు గురించి పార్వతితో గొడవ పెట్టుకున్నాను. నిజంగా, చప్పుడు గురించి.

"మా తమ్ముడింటికి పో" అంది ఆమె. "అక్కడ సముద్రం కన్నా గట్టిగా ఎవరూ చప్పుడు చెయ్యరు. దానితో దెబ్బలాడు."

అక్టోబర్

నూకరాజుకి చిన్న డింగీ ఉంది, ఇంజను పడవ. ఒక్కడే వేటకి పోతాడు, ఎప్పుడైనా తోడుకి ఎవరినైనా తీసుకెళ్తాడు. నన్ను రమ్మన్నాడు. వల లాగక్కర్లేదు, గాలికి కూర్చుంటే చాలన్నాడు.

ఆ రోజు నవమి. తెల్లవారుజామున నాలుగున్నరకి పోటు. తిథి లెక్క మాత్రం నాకు ఎక్కడికీ పోలేదు, అది గుణకారమే కదా. మేము క్రీకు లోపల, మడ చెట్ల మధ్య పడవ కట్టిన చోటికి వచ్చేసరికి నీళ్ళు పూర్తిగా ఎక్కి నిలబడి ఉన్నాయి. తీరా చూస్తే ఇంకో ఐసు పెట్టె ఇంటి దగ్గరే ఉండిపోయింది.

నూకరాజు గట్టు మీద నిలబడి అడిగాడు. "బావా, పెట్టె తెచ్చుకునే టైముందా?"

నేను నీళ్ళ కేసి చూశాను. మసక వెలుతురులో ఒక ఎండుటాకు కదలకుండా ఉంది. నోట్లో లవంగం. మూతి దగ్గర నీళ్ళు నిలిచేది ఎంత అనేది మాత్రం తడుముకోకుండా వచ్చింది, పాత పాఠంలాగా.

"ఉందిరా. రెండు సిగరెట్ల సేపు."

వాడు వెళ్ళాడు. నేను కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. లవంగం కాలదు, తరగదు, దాని చివర బూడిద రాలదు. ఆకు కదిలిందేమో. నేను చూడలేదు. వాడు పెట్టె భుజాన వేసుకుని నింపాదిగా వచ్చాడు. ఇంజను వేసుకుని మూతి దాకా పోయాం. అక్కడ మేట మీద పడవ అడుగు రాసుకుని, ఒక్కసారి మూలిగి, కూర్చుండిపోయింది. గెడ వేసి నెట్టాడు. నేనూ నెట్టాను. మా కళ్ళ ముందే నీళ్ళు పడవ అంచుల నుంచి దిగి, సన్నటి కాలవలై, సముద్రంలోకి వెళ్ళిపోయాయి. అటూ ఇటూ నల్ల బురద మిగిలింది.

దిగి నడిచి పోయే వీలు లేదు. బురద మోకాళ్ళ పైదాకా దిగుతుంది. అది కాక ఆ క్రీకులో మొసళ్ళున్నాయి. మళ్ళీ నీళ్ళు వచ్చేదాకా, అంటే సాయంత్రం దాకా, పడవలోనే. నూకరాజు ఇంటికి ఫోన్ చేసి, "ఏటీ లేదు, మూతి దగ్గర ఆగేం. బావ తోడున్నాడు" అన్నాడు. ఎవరి వల్ల ఆగామో చెప్పలేదు.

టార్పాలిన్ కప్పుకుని కూర్చున్నాం. ఎండ ఎక్కింది. ఐసు కరిగి పెట్టె అడుగు నుంచి కారుతోంది. ఆ బొట్ల చప్పుడు వింటూ నేను లోపల నిర్ణయం చేసేసుకున్నాను. ప్లాంటులో అంకె పోయింది. ఇప్పుడు నీళ్ళ లెక్క కూడా పోయింది, నాకని మిగిలిన ఆఖరిది. తిరిగి వెళ్ళి మాలిక్ సొరుగు తెరవడమే.

వెళ్ళేదాకా కూడా ఆగక్కర్లేకపోయింది. నూకరాజు తన మూటలోంచి ప్యాకెట్టు తీసి నా ముందు పెట్టాడు.

"ఒకటి కాల్చు బావా. అక్కకి సెప్పను. నీ బుర్ర తిరిగొస్తే నీళ్ళెప్పుడొస్తాయో సెబుదువు గానీ."

తీశాను. వేళ్ళ మధ్య పెట్టుకున్నాను. వేళ్ళకి దాని బరువు ఇంకా గుర్తుంది. అగ్గిపెట్టె వాడి చేతిలో ఉంది. అడగబోయి, ఎందుకో, "ముందు నువ్వు కాల్చు" అన్నాను. భయమో, ఆశో చెప్పలేను.

వాడు ముట్టించాడు. నేను వాడినే చూస్తున్నాను. రెండు మాటలు, ఒక దమ్ము, ఒక దగ్గు. గాలి సముద్రం వైపు నుంచి కొడుతోంది. అంతలోనే వాడు పీక బురదలోకి విసిరాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఇంత తొందరగానా?"

"నాదెప్పుడూ ఇంతే బావా. నీలాగ ముసలమ్మ ముక్కుపొడి పీల్చినట్టు పీలిస్తే నాకు పొద్దుపోతుంది."

నాకు వెంటనే వెలగలేదు. తర్వాత వెలిగింది.

"ఒరే, మరి నేను రెండు సిగరెట్ల సేపు అంటే, నువ్వు ఎవరి సిగరెట్లు అనుకుంటావు?"

"కోప్పడవు కదా?"

"చెప్పు."

"నువ్వు రెండంటే మేం నీ సిగరెట్టు ఒకటే లెక్కెట్టుకుంటాం."

"మేం అంటే?"

"అందరం. ఈ గట్టు మీదోళ్ళందరం. నీకు నీళ్ళు మా బాగా తెలుసు బావా, అందుకే అడుగుతాం. కానీ నువ్వు కూకుంటే ఒక్క సిగరెట్టూ పొద్దంతా కాలుస్తావు, రెండోది అయ్యేలోపు నీళ్ళు ఎప్పుడో మళ్ళిపోతాయి. దాన్ని నమ్ముకుంటే పడవలు ఈ బురదలోనే ఉంటాయి."

"ఐసు?"

"ఐసుకీ అంతే. నువ్వు సెప్పినదానికి ఒక దిమ్మ అటో ఇటో చూసుకుంటారు, ఎవడి పెట్టె వాడికి తెలుసు కదా."

ఇన్నేళ్ళుగా. నా ముందే తల ఊపి, "సరే బాబాయి" అని.

"మరివాళ ఎందుకురా నన్ను నమ్మేవు? ఒక్కటే ఆగాల్సింది."

వాడు ఇబ్బందిగా నవ్వాడు. "మానేసేవు కదా. మానేసినోడు వాచీ చూసి సెబుతున్నాడనుకున్నాను. ఇవాళ సగం చెయ్యక్కర్లేదు, రెండూ పక్కా అనుకున్నాను."

నాకు నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో. రెండూ ఒకే చోట నుంచి వచ్చాయి, దగ్గు కూడా కలిసింది. నూకరాజు కంగారుపడి నా వీపు రాశాడు. ఏ బుర్ర పోయిందని నెలల తరబడి ఏడ్చానో, ఆ బుర్ర ఎప్పుడూ సగానికి సగం వీళ్ళు దిద్దుకుంటే తప్ప నడవలేదు. అంటే నేను పోగొట్టుకున్నది ఏమిటి? అంకె కాదు. అంకె సరైనదనే నమ్మకం. దాన్ని ఇచ్చింది మాత్రం సిగరెట్టే. ఒక దమ్ము లాగితే నేను చెప్పబోయేది నిజమే అనిపించేది.

ఇలా రాస్తే అప్పుడే అంతా తేలిపోయినట్టుంది. తేలలేదు. వేళ్ళ మధ్య సిగరెట్టు చెమటకి వంగిపోయింది. ఇంకా కాల్చాలనే ఉంది. కాకపోతే దేనికి కాల్చాలో మర్చిపోయినట్టయింది. ప్యాకెట్టులో పెట్టి ఇచ్చేశాను.

సాయంత్రం కావస్తుండగా నీళ్ళు వచ్చాయి. మొదట వాసన వచ్చింది, తర్వాత బురద మీద మెరుపు, ఆ తర్వాత పడవ అడుగున చిన్న తట్టుడు. నూకరాజు లేచాడు.

"ఎప్పుడు నెడదాం బావా?"

అలవాటుగా నోరు తెరిచాను. "నాకు తెల్దురా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఆ గట్టు మీద ఎవరూ విని ఉండరు. వాడు గెడ నా చేతికిచ్చాడు. "అయితే ముంచి సూడు."

ముంచి చూశాను. చాలదు. కాసేపాగి మళ్ళీ ముంచాను. ఇద్దరం నెట్టాం, కదల్లేదు. మళ్ళీ ముంచాం, మళ్ళీ నెట్టాం. మూడోసారికో నాలుగోసారికో అడుగు కింద బురద వదిలిపెట్టింది. పడవ పక్కకి ఊగి, తేలింది. నేను గెడ పట్టుకునే కూలబడ్డాను. ఛాతీ ఎగిసిపడుతోంది. కప్ప ఇంకా ఉంది. అయితే మూతి కట్టిన సంచి కాదు, గాలి వస్తోంది, పోతోంది. జూన్‌లో మెట్ల మధ్యలో ఆగిపోయిన మనిషి ఇన్నిసార్లు నెట్టగలిగేవాడు కాడు. ఇది గుణించకుండానే తెలిసింది.

ఇప్పుడు

జనవరి. మాలిక్ నన్ను తిరిగి పిలిచాడు. నేను ఇప్పుడు ఒక అంకె చెప్పను. పది నుంచి పన్నెండు అంటాను. ఎండ ఎలా ఉంది, పెట్టె మూత బిగుతుగా ఉందా అని ఎదురు అడుగుతాను. పడవల వాళ్ళకి ఇది నచ్చలేదు. "ఇంతకుముందు నువ్వు ఒకటి సెబితే మేమొకటి సరిచేసుకునేవాళ్ళం. ఇప్పుడు దేన్ని సరిచేసుకోమంటావు?" అని ఒకతను నా మొహం మీదే అన్నాడు. మాలిక్ కూడా అప్పుడప్పుడు సొరుగు వైపు చూస్తాడు. నా బుర్ర తిరిగి వచ్చిందా అని శిరీష అడిగింది, ఇది ఇక్కడిదాకా చదివి వినిపించాక. కొన్ని పొద్దులు వచ్చినట్టే ఉంటుంది. కొన్ని పొద్దులు మంచు. టీ మాత్రం మళ్ళీ తాగుతున్నాను. పార్వతి ఉప్పు ఎంత వెయ్యాలో ఆమెకీ నాకూ ఇంకా కుదరలేదు.

పోయిన వారం ఒక ఇంజను మెకానిక్ వచ్చాడు. నా వయసువాడే. అతని ఊపిరి చప్పుడు గేటు దగ్గర నుంచే వినిపించింది. మానేశాడట, ఎవరో నా పేరు చెప్పారట. స్పానరు పట్టుకుంటే జారిపోతోంది, పని పోతుందేమో అన్నాడు.

"ఎన్నాళ్ళకి తగ్గుతుంది బాబాయి?"

"తెలీదు భయ్యా."

"అరే, హిసాబ్ బాబాయివి కదా నువ్వు!"

"అందుకే తెలీదంటున్నాను."

అతను లేచాడు. బయట పాన్ షాపు వైపు చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. నా స్టూలు అతని వైపు జరిపాను.

"ఇప్పుడు వచ్చిన యావ పోయేదాకా కూర్చో."

"ఎంతసేపు?"

"అది కూడా తెలీదు. నేనూ ఇక్కడే కూర్చుంటాను."

అతను నన్ను అనుమానంగా చూసి, కూర్చున్నాడు. ఎదురుగా ఐసు దిమ్మలు ఒక్కొక్కటీ జారి పడవ వాళ్ళ తోపుడుబండి మీద పడుతున్నాయి. ఇద్దరం వాటినే చూస్తూ ఉన్నాం. లెక్కపెట్టలేదు.